ఒక్కదాన్నే వెళ్ళినా నలుగురితో కూర్చుని తింటున్నాను

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సహకార సంఘాల లెక్కలు చూసే పని మీద తరచూ కొరాపుట్ జిల్లాకు వెళ్తుంటాను. పార్వతీపురం, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ దాటితే కొరాపుట్. దారి తెలుసు, ఒడియా వచ్చు, పనిలో బెదురు లేదు. ఇబ్బందల్లా మధ్యాహ్నం భోజనమే. ఆడమనిషి ఒక్కతే వచ్చి హోటల్లో కూర్చుంటే తింటున్నవాళ్ళంతా తలెత్తి చూస్తారు. ఆ టెన్షన్ పడలేక ఇంటి నుంచి క్యారేజీ కట్టుకెళ్ళి, ఆఫీసు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని తినేసేదాన్ని. మర్నాటికి క్యారేజీ ఖాళీ. ఇక బిస్కెట్లు, అరటిపళ్ళు. ఆ తిండితో ఘాట్ రోడ్డు దిగుతుంటే కళ్ళు తిరిగేవి. ఇలాగైతే ఉద్యోగం చెయ్యలేనని, హోటల్లో కూర్చుని కడుపునిండా తినడం అలవాటు చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

టిఫిన్‌తో మొదలుపెట్టాను. పొద్దున్నే బస్టాండు బండ్ల దగ్గర అందరూ నిలబడే తింటారు, ఎవరి తొందర వాళ్ళది. ఆకుదొప్పలో మినప బారా, అంటే మన గారెలాంటిది పెట్టి, మీద వేడివేడి బఠాణీ కూర ఘుగుని పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. అక్కడ నన్ను పట్టించుకున్నవాళ్ళే లేరు. ధైర్యం వచ్చింది.

భోజనం హోటల్లో అలా కాదు. పొడుగు బల్లలు, రెండువైపులా బెంచీలు. ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు. లోపలికి వెళ్ళగానే పెద్దవయసువాళ్ళో, పిల్లలతో వచ్చినవాళ్ళో ఉన్న బల్ల చూసుకుని, "ఇక్కడ కూర్చోవచ్చా అండి" అని అడిగి కూర్చోవడం మొదలుపెట్టాను. నోరు తెరిచి అడిగితే సగం బెరుకు అక్కడే పోతుంది. పైగా ఆ బల్ల వాళ్ళు మనల్ని తమతో వచ్చిన మనిషిలాగే చూసుకుంటారు. నీళ్ళ జగ్గు ఇటు జరుపుతారు, వడ్డించే కుర్రాణ్ణి వాళ్ళే కేకేస్తారు.

సునాబెడలో అలా ఒక పెద్దాయన ఎదురుగా కూర్చున్నాను. నా మాట వినగానే, "తెలుగువాళ్ళా అమ్మా?" అన్నారు. ఆయనది బొబ్బిలి వైపు. అక్కడి హెచ్‌.ఏ.ఎల్. ఫ్యాక్టరీలో మిగ్ విమానాల ఇంజన్ల మీద పనిచేసి రిటైరయ్యారట. నా కంచంలో దాల్మా, అంటే ఒడియావాళ్ళ కూరముక్కల పప్పు పడగానే, నేను సంచిలోంచి తీసిన ఆవకాయ సీసా చూసి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండమ్మా. ముందు నాలుగు ముద్దలు ఉత్తి దాల్మాతో తినండి. తర్వాత మీ ఇష్టం."

అలాగే తిన్నాను. కందిపప్పులో పచ్చిబొప్పాయి, గుమ్మడి, అరటికాయ, వంకాయ ముక్కలు మెత్తగా ఉడికినా ఏ ముక్కకా ముక్క తెలుస్తోంది. దించేముందు చల్లిన జీలకర్ర, ఎండుమిర్చి వేపుడు పొడి వాసన ముందు తగిలింది. చింతపండు పులుపు లేదు. నిజంగానే ఆవకాయతో పని పడలేదు. ఆ సీసా బల్ల మీద అందరికీ తిరిగి, ఖాళీ అయింది. చెయ్యి కడుక్కుని కూడా ఆయన కాసేపు కూర్చున్నారు. "ఇంజన్ టెస్టుకు పెట్టేముందు సంతకం పెట్టాలమ్మా. ఆ సంతకం మీద ఒక పైలట్ ప్రాణం ఉంటుంది. అందుకని ఒకసారి చూసిందే మళ్ళీ చూసేవాళ్ళం" అన్నారు. లెక్కల కాగితాల మీద సంతకాలు పెట్టేదాన్ని కాబట్టి ఆ మాట నాకు బాగా పట్టింది.

కుందులి సంతలో తిన్నది మాత్రం హోటల్ భోజనం కాదు. శుక్రవారం సంత. అల్లం కుప్ప పోసుకుని కూర్చున్న ఒకావిడ పక్కన చెట్టు నీడన నా పులిహోర పొట్లం విప్పాను. ఆవిడ ఆనపకాయ బుర్రలోంచి ఆకుదొప్పలోకి చోడి (రాగి) అంబలి వొంపి, ఉప్పురాయి, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి నా వైపు జరిపింది. నేను పులిహోర సగం ఆవిడకిచ్చాను. ఆవిడ మాట్లాడే అక్కడి దేశియా భాష నాకు సగమే అర్థమైంది, నా ఒడియా ఆవిడకి అంతే. మిరపకాయ కొరికి అంబలి తాగాలని చేత్తో చూపించింది. ఆ ఎండలో అంతకంటే హాయైన తిండి నేనెరగను. తర్వాత జీలుగు కల్లు కూడా ఇవ్వబోయింది. "వద్దు మౌసీ, పనుంది" అని నవ్వుతూ దణ్ణం పెట్టాను. ఇంకోసారి అడగలేదు.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అత్తగారు, "ఎవరు వండిందో, ఏమిటో" అన్నారు. "సర్వం జగన్నాథం కదా అత్తయ్యా" అన్నాను. పూరీ జగన్నాథుడి గుళ్ళో ప్రసాదం దొరికే ఆనందబజారులో ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని మహాప్రసాదం తిన్న మనిషే ఆవిడ. ఇంకేమీ అనలేదు.

నాలా ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఇదీ: గల్లాపెట్టెకు దగ్గరి బల్ల చూసుకోండి. కూర్చునేముందే ప్లేటు ఎంతో అడగండి. ఎంత మంచి మాటల్లో పడినా బస చేసే లాడ్జి పేరు, తిరుగు బస్సు టైము చెప్పకండి. రాత్రి భోజనం నేను చీకటి పడకముందే ముగిస్తాను, ఆ వేళకి హోటల్లో జనం వేరే రకంగా ఉంటారు. బిల్లు మీది మీరే ఇచ్చెయ్యండి. ఎదుటివాళ్ళు అభిమానంతో తామే ఇస్తామని పట్టుబడతారు. అప్పుడు నేను భోజనం డబ్బులు ఇచ్చేసి, టీ మాత్రం వాళ్ళ చేత ఇప్పించుకుంటాను.