వాడరేవు దాకా వెళ్లే రోడ్డు

సామాను మోసే డీసీఎం లారీ మీదికి చివరగా ఎక్కింది మా బీరువా. అప్పటికి తెల్లవారుజామున నాలుగు దాటింది. లిఫ్టులో పట్టకపోవడంతో ఇద్దరు కుర్రాళ్లు దాన్ని నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించారు, మలుపు మలుపుకీ ఆగి, గోడకు గీత పడకుండా గోనెసంచి అడ్డం పెట్టి. తాడు బిగిస్తూ డ్రైవర్ అడిగాడు, "అక్కా, అక్కడ ఇల్లు అగ్గువకు దొరికిందా?" దొరికింది తమ్ముడూ అన్నాను. కారెక్కాక మా ఆయన "అక్కడికి వెళ్లాక చవక అనాలి" అన్నారు పాపతో. హైదరాబాద్ అగ్గువకూ చీరాల చవకకూ మధ్య దాదాపు 300 కిలోమీటర్ల దారి ఉంది, ఆ దారి గురించీ, దాని చివర మాకు దొరికిన ఊరి గురించీ రాయాలని ఆర్నెల్లుగా అనుకుంటూనే ఉన్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మేం కదిలింది దానికోసమే. కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి 32 వేలు అద్దె, 4,500 మెయింటెనెన్స్. జనవరిలో ఓనర్ ఫోన్ చేసి ఏప్రిల్ నుంచి 36 అన్నారు. పాప స్కూలు ఫీజు, వేసవిలో నీళ్ల ట్యాంకర్ల డబ్బు, ఇవన్నీ పోగా ఇద్దరం సంపాదిస్తున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగిలేది కాదు. మా ఆయనకు ఆఫీసుకు రానక్కర్లేదని చెప్పేశారు, నేను ఎలాగూ ఇంటి నుంచే చిన్న చిన్న కంపెనీల లెక్కలు చూస్తాను. మరి ఎవరికోసం ఇక్కడ ఉంటున్నాం అని ఒక రాత్రి ఇద్దరం లెక్క రాసుకుని కూర్చున్నాం. హైదరాబాద్ మీద నాకు కోపం లేదు, పదకొండేళ్లు మాకు అన్నం పెట్టిన ఊరు అది. కానీ ఆ రాత్రి లెక్క ఎన్నిసార్లు కూడినా ఒకటే వచ్చింది.

సముద్రం ఉండాలన్నది పాప కోరిక. రైలు ఆగాలి, నెట్ బాగుండాలి అన్నవి మావి. భీమిలి అనుకున్నాం గానీ విశాఖ పక్కనే కావడంతో అక్కడా అద్దెలు ఎక్కువే చెప్పారు. చీరాల అయితే విజయవాడ, గూడూరు లైన్ మీద ఉంది, హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా దిగొచ్చు. మార్చిలో రెండు రోజులుండి ఏడు ఇళ్లు చూశాం. ఏడోది చీరాలను ఆనుకుని ఉన్న పేరాల వైపు, పాత ఇండిపెండెంట్ ఇల్లు, ముందు వేపచెట్టు, నెలకు 9 వేలు. ఓనర్ రిటైరైన మాస్టారు, రెండు నెలల అడ్వాన్సు చాలన్నారు. మే నెలలో పాపకు సెలవులివ్వగానే బయల్దేరాం.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ దిగి విజయవాడ హైవే ఎక్కేసరికి వెలుగొచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే అద్దంకి రోడ్డు. నల్లగొండ, మిర్యాలగూడ దాటేదాకా పాప నిద్రపోయింది, రైస్ మిల్లులు దాటాక లేచింది. వాడపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి. కారు ఆపి దిగాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే అని మా ఆయన చెబితే పాప నమ్మలేదు, ఎందుకంటే తనకు తెలిసిన మూసీ అంటే నాగోలు బ్రిడ్జి మీద ముక్కు మూసుకోవడమే. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికంతా మోసుకుని, ఇంత దూరం వచ్చి ఇంత పెద్ద నదిలో కలుస్తుంది. "అయితే మనింట్లో బట్టలుతికిన నీళ్లు కూడా ఇక్కడికే వచ్చాయా?" అని అడిగింది. వచ్చే ఉంటాయి అన్నాను. పదకొండేళ్లు ఆ ఊళ్లో నీళ్లు వాడుకున్నాం, అవి ఎక్కడికి పోతాయో నేను ఎప్పుడూ అనుకోలేదు. బ్రిడ్జి అవతల పొందుగల, ఆంధ్రప్రదేశ్.

దాచేపల్లి, పిడుగురాళ్ల. పిడుగురాళ్లలో సున్నం బట్టీల పొడికి రోడ్డు పక్క చెట్లు కూడా తెల్లగా ఉన్నాయి. ఇక్కడి నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా వాడరేవు దాకా వెళ్లే రహదారి పడుతుంది. వాడరేవు అంటే సముద్రమే. రోడ్డు అక్కడితో అయిపోతుంది. మధ్యలో ఎన్ని మలుపులున్నా ఈ రోడ్డు వదలకుండా పోతే చివర సముద్రం వస్తుందన్న మాట నాకు ఎందుకో చాలా ధైర్యం ఇచ్చింది.

చిలకలూరిపేట దాటాక డీసీఎం టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండ, రోడ్డు పనులు జరుగుతున్న చోట నీడ లేదు. సామాను బరువుకి జాకీ నేలలోకి దిగిపోతుంటే దాని కింద పెట్టడానికి మా చపాతీ పీట ఇచ్చాను, అది రెండు ముక్కలైంది. తర్వాత అటుగా వెళ్తున్న ట్రాక్టర్ అతను ఒక చెక్క దిమ్మ ఇచ్చి, టైరు మారేదాకా ఉండి, తన క్యాన్‌లో నీళ్లు పాపకు తాగించి వెళ్లాడు. పేరు కూడా అడగలేదు, ఆ సంగతి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పర్చూరు దగ్గర నల్లరేగడి. కోసేసిన చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. దారిలో కారంచేడు బోర్డు కనిపించింది. మా ఆయన కారు నెమ్మది చేశారు. 1985 జూలై 17న ఇక్కడ ఆరుగురు దళితులను చంపేశారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాలకు పరుగెత్తారు, అక్కడే శిబిరంలో ఉండి, చాలామంది ఆ ఊళ్లోనే ఉండిపోయారు. మేం వెనకాల బీరువాతో, పరుపులతో, ముందే అడ్వాన్సు ఇచ్చిన ఇంటికి అదే రోడ్డు మీద వెళ్తున్నాం. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే నేల మారిపోతుంది. నల్లమట్టి కాస్తా బూడిద రంగై, చూస్తుండగానే ఇసుకైపోయింది. తాడిచెట్లు, జీడిమామిడి తోటలు, సరుగుడు. ఏసీ ఆపి అద్దాలు దించాం. గాలి ఒంటికి అంటుకుంటోంది, పెదవులు తడుపుకుంటే ఉప్పగా ఉంది. పాప చెయ్యి బయట పెట్టి "గాలి తడిగా ఉందమ్మా" అంది.

సామాను దించేసరికి సాయంత్రం ఆరు. మాస్టారు రెండు బిందెలు మంచినీళ్లు పట్టి ఉంచారు. "అమ్మాయ్, బోరు నీళ్లు వాడకానికే, తాగేవి క్యాన్ తెప్పించుకోండి" అన్నారు మొట్టమొదట. తర్వాత అర్థమైంది. సముద్రం పక్క ఇసుక నేలల్లో వానకు ఇంకిన మంచినీళ్లు బరువైన ఉప్పునీళ్ల మీద పలచటి పొరలా నిలుస్తాయి, అతిగా తోడితే కింద ఉప్పునీళ్లు పైకొస్తాయి. మాస్టారి చిన్నప్పుడు పెరట్లో పది అడుగులు తవ్వితే కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడేవట. ఇప్పుడు ఆ పక్క వీధిలోనే రెండు బోర్లు ఉప్పుదేలాయి.

డీసీఎం డ్రైవర్ వెళ్లేముందు సముద్రం చూస్తానన్నాడు. పుట్టి ఇప్పటిదాకా చూడలేదట. అందరం కలిసి వాడరేవు వెళ్లాం, ఏడెనిమిది కిలోమీటర్లు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మనుషులు బోట్ల నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు, కాలి బొటనవేలికి వల తగిలించి లాగిపట్టి. డ్రైవర్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడి వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. "అమ్మా, గిట్లుంటది చూడు" అంటున్నాడు, గాలికి ఆమె మాట వినబడటం లేదు.

మొదటి నెల గురించి నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే ఇలా వచ్చేద్దామనుకునేవాళ్లు నన్ను చాలామంది అడుగుతున్నారు. వరండాలో మేకుకు తగిలించిన తాళంచెవుల గుత్తి మూడు వారాలకు తుప్పుపట్టింది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారింది. బట్టలు ఆరినట్టే ఉండి మడతపెడితే చెమ్మగా ఉంటాయి. రెండో వారంలో పాపకు జ్వరం 103 దాటి ఫిట్స్ వచ్చినట్టైతే, ఇక్కడ చూసిన డాక్టరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు, రాత్రి పదకొండింటికి గుంటూరు బయల్దేరాం. ఆ గంటన్నర ప్రయాణంలో నేను మిగుల్చుకున్న అద్దె డబ్బు ఒక్క రూపాయి కూడా నాకు గుర్తురాలేదు. తగ్గిపోయింది, భయపడాల్సిందేమీ లేదన్నారు. కానీ చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఇంట్లో ఉంటే ఇల్లు చూసే ముందు ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోండి, అద్దె తర్వాత.

ఇక పక్కిల్లు. మా గోడకు ఆనుకుని రెండు గుంట మగ్గాలు. తెల్లవారి ఏడింటికి మొదలయ్యే చప్పుడుకి మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది, ఫోన్ మీటింగుల్లో అవతలివాళ్లు అదేంటని అడిగేవాళ్లు. ఒకరోజు ఆ ఇంటి అక్క లోపలికి పిలిచింది. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టి వాళ్లాయన కూర్చుని తొక్కుళ్లు తొక్కుతుంటే పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, పైకీ కిందకీ విడిపోతున్నాయి, వాటి మధ్య అడ్డదారం మోసే నాడె ఇటునుంచి అటు దూసుకుపోతోంది. అంచు పట్టుది, మధ్యంతా నూలు. కుప్పడం చీర. అక్క కండెలు చుడుతూ చెప్పింది, ఇద్దరూ రోజంతా కూర్చుంటే నాలుగు రోజులకు ఒక చీర దిగుతుందని. ఆ చీరకు వాళ్లకొచ్చే కూలీ ఎంతో కూడా చెప్పింది. కొండాపూర్‌లో మేం ఒక నెల కట్టిన మెయింటెనెన్స్‌లో సగం కూడా కాదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 9 వేల అద్దె చవక అని నేను అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను. ఆ ఇంటిని ఈ ఊళ్లో నేసి బతికేవాళ్లు అద్దెకు తీసుకోలేరు. మాకు ముందున్నవాళ్లు 6 వేలు ఇచ్చారని మాస్టారే తర్వాత చెప్పారు, మమ్మల్ని ఎక్కువేమీ అడగలేదని, మేమే బేరమాడలేదని. మాలాంటివాళ్లు ఇంకో పాతికమంది వస్తే ఈ వీధిలో అద్దెలు ఏమవుతాయో హైదరాబాద్‌లో ఉండొచ్చినదాన్ని, నాకు తెలుసు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మా అద్దె ఎంతో చెప్పి, అంతకు తక్కువకే దొరుకుతుందని, బేరమాడమని కూడా చెబుతున్నాను.

ఈ ఊరికి ఊళ్లు వదలడం కొత్త కాదు. 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేశారు, ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేల దాకా వెళ్లింది. నేతపని, కూలిపని చేసుకునే జనం, ఎక్కడి నుంచి కడతారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 1921లో జనం ఊరే ఖాళీ చేసేశారు. ఊరి బయట ఇసుకలో పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకూ వానకూ పదకొండు నెలలున్నారు. మేం వదిలొచ్చినట్టే వాళ్లూ ఖరీదైన ఊరిని వదిలారు, కానీ కలిసి వదిలారు, మళ్లీ తిరిగొచ్చారు. మాస్టారు ఇది చెప్పేటప్పుడు వాళ్ల తాతగారి పాక ఎటువైపు ఉండేదో చెయ్యి చాపి చూపించారు. ఆదివారాలు పాపను వేటపాలెం తీసుకెళ్తున్నాను, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి. 1929లో గాంధీగారు వచ్చినప్పటి చేతికర్ర అక్కడ ఉంది. పాపకు కర్ర కన్నా పాత పత్రికల బైండ్ల వాసన నచ్చింది.

అక్టోబరులో వానలు పట్టాయి. సముద్రం మీద వాయుగుండం అనగానే ఇక్కడివాళ్ల ముఖాలు మారిపోతాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తుపాను చీరాల దగ్గరే తీరం దాటింది, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర. ఈసారి అంత రాలేదు గానీ మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. రెండో రోజు పొద్దున్నే గోడ అవతల చప్పుడు లేదు. వెళ్లి చూస్తే మగ్గం గుంటల్లో మోకాలి లోతు నీళ్లు, పైనుంచి కారినవి కావు, అడుగు నుంచి ఊరినవి. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న ఈ చెమ్మే నూలు తెగకుండా కాపాడుతుందని అక్క అంతకుముందే చెప్పింది. అదే నీరై ఊరితే పని ఆగిపోతుంది, ఆగిన రోజుకు కూలీ లేదు.

అక్కా, ఆయనా చెంబులతో తోడుతున్నారు. నేను ఇంటికెళ్లి మా రెండు బకెట్లూ తెచ్చాను, మా ఆయన కూడా లుంగీ ఎగ్గట్టి దిగారు. తోడిన కొద్దీ ఊరుతోంది. మధ్యాహ్నానికి నడుములు పడిపోయాయి, గుంట అడుగు మాత్రం కనిపించలేదు. "ఇవాళ్టికి చాల్లే అమ్మాయ్, వాన తగ్గితే అదే దిగుద్ది" అని అక్క పొయ్యి మీద టీ పెట్టింది. పడుగు దారాలు మాత్రం తడవకుండా దుప్పటి కప్పి, పైన పాలిథిన్ పట్టా వేసి ఉన్నాయి.

నాలుగు రోజులకు నీళ్లు దిగాయి. గుంటలో ఇసుక పోసి, పైన పొడి మట్టి మెత్తి, ఇంకో రోజు ఆరనిచ్చారు. ఆరో రోజు పొద్దున ఏడింటికి నాకు మీటింగ్ ఉంది. కంప్యూటర్ తెరిచేసరికి గోడ అవతల నాడె కదిలింది. అవతలివాళ్లు ఏంటా చప్పుడు అంటే, మా పక్కింట్లో చీర నేస్తున్నారని చెప్పాను.