అంగడి మీద అటక, అటక మీద మేడ

ఇటలీలో పాత రోమన్ ఊరు పాంపేయిలో ఒక గోడ మీద రంగుతో రాసిన టు-లెట్ ప్రకటన ఒకటి దొరికింది. గ్నేయస్ అల్లేయస్ నిగిదియస్ మాయుస్ అనే పెద్దమనిషి బ్లాకులో జులై 1 నుంచి అద్దెకు ఇస్తారంటూ మూడు రకాలు వరసగా చెప్తుంది: అటకలున్న మడిగెలు (అంగడి గదులు), మేడ మీద మంచి పోర్షన్లు, ఒక ఇల్లు. కావలసినవాళ్లు యజమాని దగ్గర బానిసగా ఉన్న ప్రీమస్‌ని కలవాలట.

ఆ బ్లాకులోని ఇంటిని ఇప్పుడు పాన్సా ఇల్లు అంటున్నారు. చూడటానికి వెళ్లినవాళ్లు పెద్ద హాలు, స్తంభాల వరండా, వెనక తోట చూసుకుని బయటికొచ్చేస్తారు. వీధి అంచున చుట్టూ ఉన్న మడిగెల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నా బాధంతా ఇదే. ప్రకటనలో ముందు వచ్చింది మడిగెలు, తర్వాత మేడ పోర్షన్లు, ఇల్లు చిట్టచివర. మనం మాత్రం ఆ చివరిదాన్ని పట్టుకుని రోమన్లు ఇలా బతికారు అని చెప్పేసుకుంటాం. రోము, దాని రేవు పట్టణం ఓస్తియా లాంటి ఊళ్లలో మామూలు జనం ఎక్కువగా బతికింది అంగడి వెనక, అంగడి మీద, ఆ పైన ఉన్న అంతస్తుల్లో. ఆ పై అంతస్తులు చాలాచోట్ల కూలిపోయాయి కాబట్టి అవి అసలు లేనట్టే మాట్లాడుతున్నాం, అది పెద్ద అన్యాయం అనిపిస్తుంది నాకు.

మడిగె అంటే ఒక్కటే గది, లాటిన్‌లో తబెర్నా. కొన్నిటికి వెనక ఇంకో చిన్న గది ఉండేది. ముందువైపు గోడ ఉండదు, దాదాపు వెడల్పంతా వీధికి తెరిచే ఉంటుంది. మరి రాత్రి ఎలా మూసేవాళ్లు? జవాబు గడప రాతిలో ఉంది. రాయి పొడుగునా సన్నటి గాడి తొలిచి ఉంటుంది, నిలువు చెక్కల్ని ఒకదాని పక్కన ఒకటి ఆ గాడిలోకి తోసేవాళ్లు, ఒక చివర మాత్రం గాడి ఆగిపోయి గుండ్రటి గుంట ఉంటుంది, అది మిగిలిన చిన్న తలుపు తిరగడానికి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద ఈ చెక్కల చుట్టూ గట్టిపడింది, చెక్క పోయాక మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ పోసి పాంపేయిలో మూసిన అంగడి తలుపుల అచ్చులు తీశారు. ఆ చెక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎలా ఒరుసుకుని ఉండేవో కూడా కనిపిస్తుంది.

ఈ గాడి సంగతి తెలిశాక నేను రోమన్ వీధుల్లో తల దించుకుని నడవడం మొదలుపెట్టాను. గడపలో పొడుగు గాడి ఉంటే అంగడి. గాడి లేకుండా రెండు పక్కలా రెండు గుంటలుంటే ఇంటి గుమ్మం. రెండు అంగళ్ల మధ్య ఇరుగ్గా ఒక గుమ్మం ఉండి, లోపల అడుగు పెట్టగానే మెట్లు మొదలైతే అది పైవాళ్ల దారి. గోడలు మోకాలి ఎత్తు మిగిలిన చోట కూడా ఎవరు ఏ దారిన వచ్చిపోయేవాళ్లో ఇలా చెప్పేయొచ్చు.

అటక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అంగడి వెనక మూలలో రాతితోనో ఇటుకతోనో కట్టిన రెండు మూడు మెట్లు కనిపిస్తాయి, ఆ పైన ఏమీ ఉండదు. మిగతా మెట్లన్నీ చెక్కవి, నిచ్చెనలా ఏటవాలుగా ఎక్కేవి, అవి పోయాయి. కింద కట్టుడు మెట్లు ఎందుకంటే నేల తడి చెక్కకి తగలకుండా అనుకుంటాను. తల ఎత్తి పక్కగోడ చూస్తే దూలాలు దూర్చిన చదరపు కన్నాలు ఒకే వరసలో ఉంటాయి, అటక నేల అక్కడ ఉండేది. ఓస్తియాలో అయితే అంగడి గుమ్మానికి సరిగ్గా పైన ఒక చిన్న కిటికీ ఉంటుంది, చాలామంది దాన్ని అంగడికి వెలుతురు కోసం పెట్టారనుకుంటారు కానీ అది అటక కిటికీ. కింద అమ్మకం, పైన పడక. తలుపు చెక్కలు బిగించేశాక రాత్రంతా ఆ కుటుంబానికి గాలీ వెలుతురూ ఆ ఒక్క కిటికీ నుంచే. ప్రకటనలో చెప్పిన అటక ఇదే, లాటిన్‌లో పెర్గులా, అంగడితో పాటే అద్దెకు వచ్చేది, విడిగా కాదు.

పై అంతస్తుల కథ వేరు. ఓస్తియాలో దియానా ఇల్లు అనే కట్టడం ఉంది, సుమారు క్రీ.శ. 150 నాటిది, కాంక్రీటు గోడలకి ఇటుక ముఖం. కింద వీధి వైపు అంగళ్లు, మధ్యలో చిన్న ముంగిలి, అందులో నీళ్ల తొట్టి, వీధి మీదికి పొడుచుకొచ్చిన బాల్కనీ, పైకి వెళ్లే మెట్లు వీధిలోంచే. అంటే మేడ మీద ఉండేవాడు కింది అంగడిలోంచి నడిచి వెళ్లక్కర్లేదు, ఎవరి అద్దె వాళ్లది, ఎవరి గుమ్మం వాళ్లది. అదే వీధిలో కొద్ది అడుగుల దూరంలో ఒక హోటల్ లాంటిది ఉంది: చలువరాయి పరిచిన కౌంటరు, గుమ్మం పక్కన కూర్చోవడానికి అరుగులు, లోపల గోడ మీద తినుబండారాల బొమ్మలు, వెనక పెరట్లో చిన్న ఫౌంటెన్. మేడ మీద గదుల్లో కట్టుడు పొయ్యి ఉండటం అరుదు, కుంపటి మీద వండుకోవాలి లేదా కిందికి దిగి తినాలి. కాబట్టి ఆ హోటల్ అక్కడ ఉండటం యాదృచ్ఛికం కాదు. వీధి కిందిభాగం, పైభాగం ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికాయి.

నీళ్లు సాధారణంగా పైకి ఎక్కేవి కావు. వీధి కుళాయి దగ్గరో ముంగిలి తొట్టి దగ్గరో పట్టుకుని కుండ మోసుకుంటూ ఎక్కాల్సిందే. అందుకే ఎంత పైకి పోతే అంత చవక, మొదటి అంతస్తులో డబ్బున్నవాళ్లు, చూరు కింద పేదవాళ్లు. రోమన్ కవి మార్షియల్ కవితల్లో ఒక పేదవాడి గదికి 200 మెట్లు ఎక్కాలి. కవి కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు, అయినా నిండు కుండతో ఆ మెట్లు రోజూ ఎక్కినవాళ్ల మోకాళ్ల గురించి ఎవరూ కవిత్వం రాయలేదు.

పై అంతస్తు నిజంగా ఎలా ఉండేదో చూడాలంటే పాంపేయితో పాటే పూడిపోయిన హెర్క్యులేనియం వెళ్లాలి. ఈ ఊరిని దాదాపు 20 మీటర్ల మందాన అగ్నిపర్వత పదార్థం కప్పేసింది, ఆ వేడికి చెక్క బొగ్గుగా మారింది కానీ ఆకారం పోలేదు. అక్కడ చెక్క చట్రాల మధ్య రాళ్లూ సున్నమూ నింపి చవగ్గా కట్టిన మేడ ఒకటి నిలబడి ఉంది, దాని బాల్కనీ ఫుట్‌పాత్ మీదికి వచ్చి స్తంభాల మీద ఆగుతుంది, పై పోర్షనుకి వీధిలోంచి విడిగా మెట్లున్నాయి, లోపల మంచాలు, అల్మరా బొగ్గు రూపంలో దొరికాయి. ఈ రకం గోడలు అసలు కనిపెట్టకుండా ఉంటే బాగుండేదని కట్టడాల గురించి పుస్తకం రాసిన రోమన్ విట్రూవియస్ విసుక్కున్నాడు, కాగడాల్లా అంటుకుంటాయని. ఆయన చెప్పింది నిజమే. కానీ పెద్ద కట్టడాలు కట్టే ఆయనకి అలాంటి గోడల మధ్య అద్దెకి ఉండాల్సిన అవసరం రాలేదు. తక్కువ డబ్బుతో, సన్నటి గోడతో, తొందరగా కట్టి ఒక కుటుంబానికి చోటు ఇవ్వగలిగే పద్ధతి అదే.

హెర్క్యులేనియంలోనే కార్డో 5 అనే వీధి పక్కన అంగళ్లూ, వాటి మీద పోర్షన్లూ ఉన్న పొడవాటి బ్లాకు ఉంది. గోడల్లోంచి మట్టి గొట్టాలు కిందికి దిగుతాయి, పై అంతస్తుల్లో మరుగుదొడ్లు ఉన్నాయన్నమాట, అన్నీ నేల కింద 86 మీటర్ల పొడవున్న ఒకే కాలువలో పడేవి. ఆ కాలువని ఈ శతాబ్దంలో తవ్వారు. నాకు రోమన్ పురావస్తు శాస్త్రంలో దీనికన్నా ఇష్టమైన తవ్వకం లేదు. బంగారం కోసమో విగ్రహాల కోసమో కాదు, అంగళ్ల మీద అద్దెకున్నవాళ్లు ఏం తిన్నారో తెలుసుకోవడానికి వందల సంచుల పెంటమట్టిని జల్లెడ పట్టారు. దొరికినవి: రకరకాల చేపల ముళ్లు, అంజూర గింజలు, ఆలివ్ గింజలు, గుడ్డు పెంకులు, సముద్రపు ముళ్లకాయల (సీ అర్చిన్ల) పెంకులు. పేదవాడు జావ తాగి బతికాడు అని తేల్చేసే పుస్తకాల మాటని ఈ కాలువ నమ్మనివ్వదు. భవంతులు లేని మనుషులు, రకరకాల రుచులు తెలిసిన మనుషులు. పై అంతస్తు పోయినా దాని భోజనం నేల కింద మిగిలింది.

రోము నగరంలో భయం ఎక్కువ. కూలడం, కాలడం. అగస్టస్ చక్రవర్తి కట్టడాల ఎత్తుని 70 రోమన్ అడుగులకి, అంటే 20 మీటర్లు దాటీ దాటకుండా, పరిమితం చేశాడు, తర్వాత ట్రాజన్ దాన్ని 60కి తగ్గించాడు. క్రీ.శ. 64 అగ్నిప్రమాదం తర్వాత నీరో కొత్త నియమాలు పెట్టాడు: వీధులు వెడల్పుగా, పక్కపక్క కట్టడాలకి ఉమ్మడి గోడ ఉండకూడదు, ముందు వరండాలు ఉండాలి, కొంత భాగం చెక్క లేకుండా నిప్పుకి తట్టుకునే రాయితో కట్టాలి. పాత ఇరుకు సందులే నయం, కనీసం నీడ ఉండేది అన్నవాళ్లూ ఉన్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

సొంతదారుల సంగతికొస్తే నాకు కోపం వచ్చే ఉత్తరం ఒకటుంది. క్రీ.పూ. 44లో రోమన్ రాజకీయ నాయకుడు సిసెరో తన స్నేహితుడు అట్టికస్‌కి రాశాడు: నా అంగళ్లు రెండు కూలాయి, మిగతావి బీటలిస్తున్నాయి, అద్దెకున్నవాళ్లే కాదు, ఎలుకలు కూడా ఖాళీ చేశాయి. చాలామంది ఇక్కడి హాస్యం చూసి నవ్వుతారు. తర్వాతి మాటలు చూడండి: ఇతరులు దీన్ని ఆపద అంటారు, నాకు ఇబ్బందిగా కూడా అనిపించడం లేదు, మళ్లీ కట్టే ప్లాన్ ఒకటుంది, దాంతో నష్టం లాభమవుతుంది అంటాడు. ఖాళీ చేసినవాళ్లు ఎక్కడికి పోయారో ఒక్క ముక్క లేదు.

అద్దె ఏడాది మామూలుగా జులై 1న మారేది, నడి వేసవిలో సామాన్లు మోసుకుంటూ జనం వీధిన పడే రోజు అది. అద్దె బాకీ పడితే లోపల ఉన్న సామాను సొంతదారుకి తాకట్టు కింద లెక్క, తాళం వేసేయొచ్చు. కొందరు సొంతదారులు ఎక్కువ కాలానికి ఇచ్చేవాళ్లు, పాంపేయిలోనే జూలియా ఫెలిక్స్ అనే ఆమె తన స్నానశాల, అంగళ్లు, అటకలు, మేడ పోర్షన్లు ఆగస్టు 13 నుంచి అయిదేళ్లకి ఇస్తానని ప్రకటన రాయించింది.

కింద నడిచేవాళ్లకి, పైన ఉండేవాళ్లకి మధ్య గొడవల కోసం చట్టం ప్రత్యేకంగా పుట్టింది. పైనుంచి ఏదైనా పోసినా విసిరినా కింద జరిగిన నష్టానికి రెట్టింపు కట్టాలి, దెబ్బకి స్వతంత్రుడు చనిపోతే జస్టీనియన్ చక్రవర్తి చట్టాల సంకలనంలో 50 బంగారు నాణేలు. ముఖ్యమైనది ఏమిటంటే కట్టాల్సింది విసిరినవాడు కాదు, ఆ గదిలో కాపురం ఉన్నవాడు, ఎందుకంటే వీధిలో నిలబడ్డవాడికి పైన ఎవరి చెయ్యి ఊగిందో తెలియదు. ఒకే గదిలో చాలామంది ఉంటే ఎవరి మీదైనా మొత్తం డబ్బుకి కేసు వేయొచ్చు, తర్వాత వాళ్లలో వాళ్లు పంచుకోవాలి. మనుషులు ఎంత కిక్కిరిసి ఉండేవాళ్లో ఈ ఒక్క నియమం చూస్తే తెలుస్తుంది.

అంగళ్లు కూడా ఊరుకునేవి కావు, వీధిలోకి పాకేవి. క్రీ.శ. 92 ప్రాంతంలో డొమిషియన్ చక్రవర్తి అంగళ్లవాళ్లు గడప దాటి రాకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. అంతకుముందు రోము మొత్తం ఒక పెద్ద అంగడి అని మార్షియల్ రాశాడు: స్తంభాలకి గొలుసులతో కట్టిన మద్యం కూజాలు, జనం మధ్యలో మంగలి కత్తి. ఆయనకి ఆ ఆజ్ఞ నచ్చింది. నాకైతే గడప దాటి వచ్చిన ఆ అంగడివాళ్ల మీదే అభిమానం, ఒక్క గదిలో అమ్మకం, పైన అటక మీద సంసారం, ఇక చోటు దొరికేది వీధిలోనే కదా.

రోములో ఒకే చోట ఇదంతా చూడాలంటే కాపిటోలిన్ కొండ అంచున, విక్టర్ ఇమ్మాన్యుయెల్ స్మారకం పక్కనే, ఆరా కోయెలి ఇన్సులా ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దపు అద్దె మేడ. ఇప్పటి రోడ్డు దాని చుట్టూ ఎత్తు పెరిగిపోవడంతో అంగళ్లు గుంటలో ఉన్నట్టుంటాయి. లోపలికి మామూలుగా వెళ్లనివ్వరు, ఫుట్‌పాత్ మీద రెయిలింగ్ పట్టుకుని కిందికి చూడాలి. కింద అంగడి గుమ్మాలు, వాటి మీద అటక కిటికీలు, ఆ పైన మేడలు, ఈ వరస తెలిసి చూస్తే చక్కగా విడివిడిగా కనిపిస్తుంది. స్మారకం మెట్లెక్కే ముందు ఒక పది నిమిషాలు దీనికి కేటాయించండి.