పదిహేనేళ్ల జెడ్4, షోరూం ఎస్టిమేట్, నా లెక్క

బండి బీఎండబ్ల్యూ జెడ్4, ఈ89 బాడీ (ఆ తరం జెడ్4కు కంపెనీ కోడ్), ఎస్‌డ్రైవ్35ఐ. 2010 మోడల్ కాబట్టి ప్లేటు ఇంకా ఏపీ 09నే. మూడు లీటర్ల ఎన్54 ఇంజన్, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. ఓడోమీటర్ 71 వేలు దాటింది. నేను రెండో ఓనర్‌ని. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, దానికి ఫిట్‌నెస్ కావాలి. అందుకే ఎప్పటినుంచో వాయిదా వేస్తూ వచ్చిన పనులన్నీ ఈ ఏడాదే పెట్టుకున్నాను.

మార్చి

గచ్చిబౌలి ట్రాఫిక్‌లో టెంపరేచర్ వార్నింగ్ వెలిగింది. వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేశాను. ఈ ఇంజన్‌లో వాటర్ పంపును బెల్టు తిప్పదు, అది కరెంటు మోటారుతో నడుస్తుంది. పోయే ముందు చప్పుడు చేయదు, కారదు, ఒకరోజు ఆగిపోతుందంతే. బండిని టోయింగ్ వ్యాన్ మీదే పంపించాను. ఎన్54 వేడెక్కిందని తెలిశాక కూడా ‘ఇంటిదాకా లాగించేద్దాం’ అనుకుంటే హెడ్ (ఇంజన్ పై భాగం) వంగిపోతుంది.

సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ రూ.2.4 లక్షలు. అందులో పంపు, థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపు చేసే వాల్వు), హోస్ పైపుల సెట్టు, ఆయిల్ కారుతోందని ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ అసెంబ్లీ (ఫిల్టర్ కూర్చునే డబ్బా మొత్తం), బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), డయాగ్నసిస్ ఛార్జీ, లేబర్, వాటి మీద జీఎస్‌టీ. సర్వీస్ అడ్వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. ‘సార్, పాత బండి కదా, అన్నీ ఒకేసారి మార్చేస్తే మీకు టెన్షన్ ఉండదు’ అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ నిజమే. చేసిన పనికి గ్యారంటీ ఇవ్వాలి, బండి మళ్లీ వెనక్కి రాకూడదు, అందుకే చిన్న రబ్బరు ముక్క పోయినా అది కూర్చున్న డబ్బా మొత్తం మార్చేస్తారు. కాకపోతే ఆ నిశ్చింతకు డబ్బు కట్టేది నేను. ఆ ఎస్టిమేట్ కాగితం మాత్రం అడిగి తెచ్చుకున్నాను. ప్రతి పార్టు నంబరు, లేబర్ గంటలు విడివిడిగా రాసి ఉన్న ప్రింటు ఇవ్వమనండి. మొత్తం అంకె ఒక్కటే చెబితే ఏది అవసరమో ఏది కాదో తేల్చడం కుదరదు.

ఏప్రిల్

ముందు డయాగ్నసిస్. బండి కంప్యూటర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే కె ప్లస్ డీక్యాన్ కేబుల్ ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరుకుతుంది. పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇస్టా (బీఎండబ్ల్యూ డయాగ్నసిస్ సాఫ్ట్‌వేర్) వేసుకుంటే సర్వీస్ సెంటర్‌లో కనబడేదంతా ఇంట్లోనే కనబడుతుంది. అంత తలనొప్పి వద్దనుకుంటే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో బిమ్మర్‌లింక్ యాప్ చాలు. ఎర్రర్ కోడ్ 2ఈ81 వచ్చింది, అంటే పంపు అడిగిన స్పీడులో తిరగడం లేదు. ఫ్యూజు, కనెక్టరు, వైరు బాగానే ఉన్నాయి. కాబట్టి పోయింది పంపే.

ఆయిల్ కారుతున్నదీ నిజమే. అయితే దానికి హౌసింగ్ అసెంబ్లీ అక్కర్లేదు. హౌసింగ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు) ఎండి రాయిలా అయిపోయింది. ఎన్54లో ఇది అందరికీ వచ్చేదే. గ్యాస్కెట్ ఖరీదు వందల్లో ఉంటుంది, హౌసింగ్ ఖరీదు వేలల్లో. అలాగని ‘చిన్న కారుడే కదా’ అని వదిలేయకండి. ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది, పోగులు విడుతుంది, ఆ పోగులు క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) ముందు సీలులోంచి ఇంజన్ లోపలికి వెళ్లిన కేసులున్నాయి. అప్పుడు ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. ఆయిల్ పీల్చుకున్న బెల్టును కడిగి వాడకుండా కొత్తదే వేయాలి. టెన్షనర్ చప్పుడు లేకుండా సాఫీగా తిరుగుతోంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

పార్టులు వెతకడానికి ఛాసిస్ నంబరులో చివరి ఏడు అక్షరాలు చాలు. రియల్‌ఓఈఎం సైటులో కొడితే మీ బండిలోని ప్రతి నట్టు బొమ్మతో సహా నంబరు వస్తుంది. ఆ నంబరు పట్టుకుని అసలు తయారీదారు డబ్బాలో వచ్చేది వెతకాలి. పంపు పియర్‌బర్గ్‌ది తీసుకున్నాను. గ్యాస్కెట్ ఎల్రింగ్‌ది. ఇలాంటి పార్టుల మీద కొన్నిసార్లు బీఎండబ్ల్యూ గుర్తు ఉండాల్సిన చోట గీకేసిన మచ్చ ఉంటుంది. దాన్ని చూసి నకిలీ అనుకోకండి. అదే ఫ్యాక్టరీ, డబ్బా వేరు. సగం ధరకు పేరులేని పంపు ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. మన మే ఎండల్లో దాని మీద నాకు నమ్మకం లేదు.

క్లాంపులు, చిన్న హోస్ ముక్కలు పుత్లీబౌలి షాపుల్లో దొరికాయి. ఈ-టార్క్స్ సాకెట్లు (నక్షత్రం ఆకారపు బోల్టులు విప్పేవి), టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే రెంచ్) రాణిగంజ్‌లో. గోషామహల్ పాత సామాను బజారులో ఈ బండి పార్టులు అరుదు, అక్కడ పంపులాంటివి ఎలాగూ కొనకూడదు. ప్లాస్టిక్ ట్రిమ్ కావాలంటే తిరిగి చూడొచ్చు.

మే

పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాదు, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. నాకు తెలిసిన మెకానిక్ షెడ్‌లో లిఫ్ట్ ఉంది. పార్టులు నావి, లేబర్ అతనిది అని ముందే మాట్లాడుకున్నాం. కొందరు మెకానిక్‌లకు ఇది నచ్చదు, పార్టు మీద వచ్చే నాలుగు రూపాయలు పోతాయి కదా. లేబర్ కొంచెం ఎక్కువిస్తానని ముందే చెబితే గొడవ ఉండదు. ఉస్తాద్ ఒక మంచి మాట చెప్పాడు: ‘పంపు ఒక్కటే వేస్తే లాభం లేదు సార్, థర్మోస్టాట్ కూడా వేసేయండి. మళ్లీ ఇదంతా విప్పాలంటే లేబర్ డబుల్.’ ఎస్టిమేట్‌లో ఉన్నవాటిలో నేను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నది అదే.

పంపు ఇంజన్ కింది భాగంలో ఉంటుంది. కింది కవర్ తీసి, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బ్రాకెట్లు విప్పి కొంచెం దించితే చెయ్యి పెట్టే చోటు వస్తుంది. పంపు బోల్టులు అల్యూమినియంవి, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. కొత్తవి ముందే తెప్పించి పెట్టుకోండి, లేదంటే వాటికోసం బండి లిఫ్ట్ మీదే వేలాడుతుంది.

కూలెంట్ నింపేటప్పుడు తొందర పనికిరాదు. బీఎండబ్ల్యూ నీలం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. షెడ్‌లో బోరు నీళ్లు పోయబోతే ఆపేశాను, మన బోరు నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్‌లో పేరుకుంటుంది. తర్వాత గాలి తీయాలి. బ్యాటరీకి ఛార్జర్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయాలి. హీటర్ టెంపరేచర్ ఫుల్లు, ఫ్యాన్ అన్నిటికంటే తక్కువలో పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు పూర్తిగా తొక్కి వదలాలి. పంపు దానంతటదే దాదాపు పన్నెండు నిమిషాలు తిరుగుతుంది. అయ్యాక లెవల్ చూసి మళ్లీ పోయాలి. ఉస్తాద్ దీన్ని ముందెప్పుడూ చూడలేదట, ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

పార్టులు, లేబర్, కూలెంట్, కొత్త సాకెట్లు అన్నీ కలిపి లక్ష లోపే అయింది. సాకెట్లు ఇకముందూ పనికొస్తాయి.

జూన్

బ్యాటరీ కూడా మార్చాను. ఈ బండిలో కొత్త బ్యాటరీని రిజిస్టర్ చేయాలి, లేకపోతే పాతదనుకుని దానికి తగ్గట్టే ఛార్జ్ చేస్తుంది. కేబుల్ ఉన్నవాళ్లకు ఐదు నిమిషాల పని.

అన్నీ షెడ్‌లోనే చేయించాలని నేను అనను. తాళం, ఎయిర్‌బ్యాగ్ పనులు షోరూంకే. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ గెట్రాగ్‌ది, దాని ఆయిల్ లెవల్ ఒక నిర్దిష్ట టెంపరేచర్‌లో చూడాలి, ఇంతకుముందు చేసినవాళ్లకే ఇస్తాను. రీకాల్ (లోపమున్న పార్టును కంపెనీయే ఉచితంగా మార్చే పిలుపు) ఏదైనా ఉందా అని ఛాసిస్ నంబరుతో అడగడానికి పైసా కట్టనక్కర్లేదు. 2010లో అమెరికాలో ఇదే ఇంజన్ హై ప్రెజర్ ఫ్యూయల్ పంపుల మీద రీకాల్ వచ్చింది, జెడ్4 35ఐ కూడా అందులో ఉంది. మన దగ్గర నా బండి ఫైల్‌లో ఆ పంపు మార్చిన రికార్డు ఉందో లేదో రాతపూర్వకంగా అడిగాను.

తర్వాత మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) మొదలైంది, మూడో సిలిండర్ కోడ్. సర్వీస్ సెంటర్‌ను ఫోన్‌లో అడిగితే ఆరు కాయిల్స్ (ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేవి), ఆరు ప్లగ్‌లు మార్చాలన్నారు. మూడో కాయిల్ తీసి ఐదులో, ఐదుది మూడులో పెట్టి కోడ్‌లు చెరిపి తిప్పాను. ఈసారి కోడ్ ఐదో సిలిండర్‌కు వచ్చింది. అంటే తప్పు కాయిల్‌దే, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ది కాదు. కోడ్ కదలకుండా మూడులోనే ఉండి ఉంటే ప్లగ్ మార్చి చూసి, అప్పుడు ఇంజెక్టర్ వైపు వెళ్లేవాణ్ని. ఒక్క కాయిల్ ఆర్డర్ పెట్టాను. ప్లగ్‌లు మాత్రం ఆరూ మారుస్తున్నాను, ఎప్పుడు మార్చారో రికార్డు లేదు.