ప్రశాంతం అనే మాట లేకుండా పల్లెను రాయడం

ఇంగ్లీషులో యాత్రానుభవాలు రాసేవారు పల్లెసీమల దగ్గరికి వచ్చేసరికి పచ్చని, ప్రశాంతమైన, కాలం ఆగిపోయినట్లున్న, చిత్రపటంలాంటి అనే విశేషణాలనే మళ్లీ మళ్లీ వాడుతుంటారు. ఇవి ఏ దేశంలోని ఏ ఊరికైనా సరిపోతాయి కనుక ఏ ఒక్క ఊరినీ కళ్లకు కట్టవు. ఇటువంటి రచనలను ఇష్టంగా చదివి, అప్పుడప్పుడు రాసే నాకు క్రమంగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. నిశ్శబ్దంగా ఉందని చెప్పినంత మాత్రాన పాఠకుడికి నిశ్శబ్దం అందదు. ఆ నిశ్శబ్దం ఉండబట్టే చెవిన పడిన చిన్న చప్పుడును, కంటపడిన చిన్న కదలికను రాసినప్పుడే అందుతుంది. ఇంగ్లీషు గద్యంలో ఈ విద్యకు గొప్ప వారసత్వం ఉంది. దాని పక్కనే, అంతే పాతదైన చెడు అలవాటు కూడా ఉంది.

ఆ అలవాటు పద్దెనిమిదో శతాబ్దంలో బలపడింది. ప్రకృతిని చిత్రకారుడి కంటితో చూడాలనే ‘పిక్చరెస్క్’ వాదాన్ని ప్రచారంలోకి తెచ్చిన విలియం గిల్పిన్ బ్రిటన్‌లోని వై నది వెంబడి తాను చేసిన ప్రయాణాన్ని 1782లో పుస్తకంగా వెలువరించాడు. శిథిలమైన టింటర్న్ మఠం గోడలు మరీ క్రమబద్ధంగా ఉండి కంటికి ఇబ్బంది కలిగిస్తున్నాయని, ఒక సుత్తితో జాగ్రత్తగా అక్కడక్కడ కొడితే బాగుండునని అందులో రాశాడు. ఉన్నదానిని ఉన్నట్లు చూడడం కంటే బొమ్మకు తగినట్లు సవరించడమే ముఖ్యమనుకున్న కాలం అది. అప్పటి యాత్రికులు ‘క్లాడ్ గ్లాస్’ అనే నల్లని కుంభాకార దర్పణాన్ని వెంట తీసుకువెళ్లి, దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, ఆ అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని చూసి ఆనందించేవారు. థామస్ గ్రే అనే కవి 1769లో ఉత్తర ఇంగ్లండ్ సరస్సుల ప్రాంతమైన లేక్ డిస్ట్రిక్ట్‌లో అద్దం చేత పట్టుకొనే వెల్లకిలా బురద దారిలో పడ్డానని, వేళ్ల కణుపులకు తప్ప మరెక్కడా దెబ్బ తగల్లేదని మిత్రుడికి లేఖలో చెప్పుకున్నాడు. సెల్ఫీ తీసుకునేవారిని చూసి నవ్వేటప్పుడు ఈయనను కూడా కాస్త తలచుకోవాలి.

రెండో దారి, అంటే ముందు చెప్పిన మంచి వారసత్వం, ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లోని సెల్‌బోర్న్ అనే చిన్న గ్రామంలో కనిపిస్తుంది. అక్కడి చర్చిలో సహాయ మతాధికారిగా పనిచేసిన గిల్బర్ట్ వైట్ తన ఊరి పక్షులు, పురుగులు, వాతావరణం గురించి ఇద్దరు మిత్రులకు రాసిన లేఖలను 1789లో పుస్తకంగా తెచ్చాడు. చూడడానికి దాదాపు ఒకేలా ఉండే మూడు చిన్న ఆకుపచ్చ పిట్టలు వేర్వేరు జాతులని ఆయన గుర్తించింది ప్రధానంగా వాటి పాటను బట్టే. ఒక మిత్రుడి ఇంటి పరిసరాల్లోని గుడ్లగూబలు ఎక్కువగా పాశ్చాత్య సంగీతంలోని బి ఫ్లాట్ స్వరంలో కూస్తున్నాయని, ఒకటి మాత్రం అంతకంటే కిందికి దిగుతోందని కూడా ఆయన నమోదు చేశాడు. గుడ్లగూబ శ్రుతిని పోల్చుకోగలిగిన రాత్రి ఎంత సద్దుమణిగి ఉండి ఉంటుందో ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. ‘రాత్రి ప్రశాంతంగా ఉంది’ అని రాసి ఉంటే మనకు ఆ రాత్రి గురించి తెలిసేది శూన్యం.

డొరతీ వర్డ్స్‌వర్త్ రాసుకున్న దినచర్య దీనికంటే మంచి ఉదాహరణ. ఆమె ఇంగ్లీషు కవి విలియంకు చెల్లెలు. 1802 ఏప్రిల్ 15న ఆమె, అన్న విలియం కలిసి ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున నడిచారు. ఆ నాటి పుటలో ముందు వచ్చేది గాలి: ఊపిరి ఆడనివ్వనంత ఉద్ధృతంగా వీచిన గాలి, అలలతో అల్లకల్లోలంగా ఉన్న సరస్సు. తరువాత నీటి దగ్గర కొన్ని డాఫడిల్ పూలు కనిపిస్తాయి. విత్తనాలు సరస్సు మీదుగా ఒడ్డుకు కొట్టుకొచ్చి మొలిచాయేమోనని వారు అనుకుంటారు. ముందుకు నడిచేకొద్దీ పూలు పెరిగి, చివరికి ఒడ్డు పొడవునా బారుగా ఒక పట్టీలా కనిపిస్తాయి. కొన్ని పూలు అలసిపోయినట్లు నాచు పట్టిన రాళ్ల మీద తల వాల్చాయని, మిగిలినవి గాలికి ఊగాయని ఆమె గమనిస్తుంది. ఆ రోజు ముగిసేలోపు వాన, బస, రాత్రి భోజనానికి దొరికిన హామ్, బంగాళదుంపలు కూడా అదే కలంతో నమోదవుతాయి. అన్న దాదాపు రెండేళ్ల తరువాత ఆ పూల మీద కవిత రాసి 1807లో అచ్చు వేశాడు. అందులో ఆయన ఒంటరిగా తిరుగుతుంటాడు, చెల్లెలు లేదు. కవితను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే యాత్రానుభవం రాయదలచుకున్నవారికి ఆ కవిత కంటే ఈ పుటే ఎక్కువ ఉపయోగపడుతుంది. పూలు ఒక్కసారిగా కాక, నడిచే మనిషికి ఎదురైన క్రమంలోనే అక్కడ కనిపిస్తాయి.

ఈ క్రమమే ఇంగ్లీషు వాక్యంలో అసలు చిక్కు. తెలుగులో ‘మంచులో గట్టు పక్కన మోకాళ్లు మడిచి నెమరు వేస్తున్న ముసలి ఆవు’ అని రాస్తే, పాఠకుడు మంచును, గట్టును, నెమరును దాటుకొని చివరికి ఆవును చేరుకుంటాడు. ఇంగ్లీషులో ఆవు చాలా తొందరగా వచ్చి నిలబడుతుంది, వివరాలు దాని వెనక వరుస కడతాయి. అందువల్ల ఏది ముందు తెలిసిందో దానినే వాక్యానికి కర్తను చేసుకోవాలి. దట్టమైన మంచులో ముందు తెలిసేది గడ్డిని పీకుతున్న చప్పుడు. ఆ చప్పుడుతో మొదలుపెట్టి, తరువాత ఊపిరి ఆవిరిని, ఆపైన కొమ్మును చూపించి, ఆవును చివరికి ఉంచితే ఇంగ్లీషులోనూ మంచు దట్టంగానే ఉంటుంది. అలా కాకుండా ఒక పొలం ఉంది, ఒక చెట్టు ఉంది, ఒక వాగు ఉంది అంటూ ‘దేర్ వాజ్’ వాక్యాలు మూడు వరుసగా పేర్చితే అది సామాను జాబితా అవుతుంది.

క్రియల విషయంలో ఇంగ్లీషు ఉదారంగానే ఉంటుంది. దారి కొండ ఎక్కుతుంది, గోడ దాని వెంట పరుగు తీస్తుంది, లోయ తెరుచుకుంటుంది. ఇవి ఎవరికీ అతిగా తోచవు. కానీ కొండ కలలు కన్నదని, వాగు దుఃఖించిందని రాస్తే మన మనసును దానికి అంటగట్టినట్లే. కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో దీనికి ‘పేథెటిక్ ఫాలసీ’ అని పేరు పెట్టాడు. డొరతీ పూలు అలసిపోయినట్లు తల వాల్చడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. వస్తుంది, కానీ అక్కడ తల కింద నిజమైన రాయి ఉంది, రాయి మీద నాచు ఉంది.

ఇక బాటసారి తరచుగా వదిలేసే సంగతి, ఆ నిశ్శబ్దం ఎవరిదన్న ప్రశ్న. ఇంగ్లండ్ మధ్య ప్రాంతాల్లో రైలు కిటికీలోంచి కనిపించే చతురస్రాకారపు పొలాలు, వాటి చుట్టూ తిన్నగా సాగే హాథార్న్ అనే ముళ్లపొదల కంచెలు అనాదిగా ఉన్నవని అనిపిస్తుంది. వాటిలో చాలా భాగం సుమారు 1750, 1850 మధ్య పార్లమెంటు చట్టాల ద్వారా ఉమ్మడి భూములను విభజించినప్పుడు నాటినవి. సొంత భూమి లేకపోయినా ఆవును మేపుకొని, పుల్లలు ఏరుకొని బతికినవారు ఆ కంచెలకు బయట మిగిలిపోయారు. 1820లలో గుర్రం మీద దక్షిణ ఇంగ్లండ్ తిరిగిన పత్రికా రచయిత విలియం కాబెట్ పెద్ద రహదారులను తప్పించుకొని పల్లె దారులు పట్టింది ఇటువంటివి చూడడానికే. నేల రకం, టర్నిప్ పంట, కూలీల బతుకుతెరువు ఆయన రాతలో కొండల అందం పక్కనే ఉంటాయి. ఆయన కోపం కొన్నిచోట్ల పుటలకు పుటలు నడుస్తుంది, అక్కడ నేను కాస్త వేగంగా చదువుతాను.

కంచెకు బయట మిగిలినవారి వైపు నుంచి రాసినవాడు జాన్ క్లేర్ అనే కవి. హెల్ప్‌స్టన్ గ్రామంలో వ్యవసాయ కూలీ కొడుకుగా 1793లో పుట్టాడు. ఆ ఊరి భూముల విభజన చట్టం 1809లో వచ్చింది, అప్పటికి ఆయనకు సుమారు పదహారేళ్లు. ఆ తరువాత తాను చిన్నప్పుడు తిరిగిన దారులు మూసుకుపోవడాన్ని, చెట్లు కొట్టేయడాన్ని ఆయన పేరుపేరునా రాశాడు. ఆయన పల్లెలో నత్తగుల్ల ‘పూటీ’గానే ఉంటుంది, లండన్ పాఠకుడి కోసం పెద్ద మాట వెతకడు. ప్రచురణకర్త జాన్ టేలర్ ఆయన వర్ణక్రమాన్ని దిద్ది, చేతిరాతలో లేని విరామ చిహ్నాలను చేర్చాడు. ఇరవయ్యో శతాబ్దపు సంపాదకులు కొందరు ఆ దిద్దుబాట్లను తొలగించి, ఆయన రాసినట్లే అచ్చు వేశారు. కామా, ఫుల్‌స్టాప్ లేని ఆ పాఠం మొదట్లో కాస్త ఇబ్బంది పెడుతుంది. అయినా ఇంగ్లీషులో పల్లెను రాయదలచుకున్న ఎవరికైనా దిద్దిన పాఠం కంటే ముందు దానినే నేను సిఫారసు చేస్తాను.