వెనక అద్దం మీద నాలుగు గీతలు

పోయిన డిసెంబర్లో అరకు వెళ్తుంటే, అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి మా కారు వెనక అద్దం పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. ఇంకా తెల్లారలేదు, బయట మంచు, లోపల ఐదుగురం, అద్దాలన్నీ బిగించేసి ఉన్నాయి. డీఫాగర్ నొక్కాను, అంటే వెనక అద్దం మీది సన్నటి గీతల్లోకి కరెంటు పంపి, ఆ వేడితో మసక పోగొట్టే స్విచ్. కింద భాగం కాసేపటికి తేటపడింది గానీ పైన నాలుగు గీతల మేర తెలుపు అలాగే ఉండిపోయింది. వెనకాల బస్సు హెడ్‌లైట్లు కనిపిస్తున్నాయి, బస్సు కనిపించట్లేదు. వెనక సీట్లోంచి మా బావమరిది తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు, పాపం, దిగేదాకా.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు అద్దాలకి నల్ల ఫిల్మ్ ఉండేది. 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది, అయినా పాత ఓనరు అలాగే తిప్పాడు. నేను తీయించేశాను. తీసిన కుర్రాడు మిగిలిన జిగురు పోవాలని బ్లేడుతో పైనుంచి కిందికి బరబరా గీకాడు, నేను పక్కనే టీ తాగుతూ చూస్తూ నిలబడ్డాను. ఆ గీతలు అద్దం లోపల పొదిగిన తీగలు కావు. వెండి కలిపిన ముద్దని అద్దం లోపలి వైపు అచ్చువేసి కాలుస్తారు, అంతే, గట్టిగా గీకితే తెగుతాయి. తుడిచినా గీతల వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు.

అద్దాల షాపులో అడిగితే, "గ్లాసు మార్చెయ్యాలి సార్, ఇది రిపేరవ్వదు" అన్నాడు. రేటు విని ఇంటికొచ్చేశాను.

ఇంట్లో వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంది. ఇంజన్ ఆన్ చేసి, డీఫాగర్ వేసి, మీటర్ నల్ల వైరు బాడీకి పట్టించి, ఎర్ర మొనకి వంటింటి ఫాయిల్ చుట్టాను, మళ్ళీ కొత్తగా గీతలు పడకుండా. అద్దం రెండు పక్కలా నిలువు పట్టీలుంటాయి, గీతలన్నీ వాటి మధ్యే, దేని దారి దానిదే. అందుకే ఒకటి తెగితే అదొక్కటే చస్తుంది. బాగున్న గీత మీద ఒక చివర 13 చిల్లర వోల్టులు, మధ్యలో ఆరున్నర, అవతలి చివర సున్నా, మెల్లగా దిగుతూ పోతుంది. తెగిన గీత మీద అలా దిగదు. పదమూడు, పదమూడు, పదమూడు, ఒక్క మిల్లీమీటరు జరిపితే సున్నా. అక్కడే. వంగి చూస్తే వెంట్రుకంత సందు, మామూలుగా కంటికి ఆనదు. ఆ సున్నా పడ్డప్పుడు వచ్చే ఆనందం వేరు, చెప్తే మా ఆవిడకి అర్థం కాలేదు.

రెండు చోట్లు దొరికాక ఉన్నట్టుండి అన్ని గీతల మీదా సున్నా వచ్చింది. టెన్షన్. ఫ్యూజు ఎగరగొట్టేశాననుకుని మాన్యువల్ కూడా తిరగేశాను. తీరా చూస్తే డీఫాగర్‌కి టైమర్ ఉంటుందట, కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. మళ్ళీ నొక్కాను.

ఆ సందుల్ని కరెంటు పారే పెయింట్‌తో కలపాలి. ఆ పెయింట్ దగ్గర ఇంకో తమాషా. హార్డ్‌వేర్ షాపులో "వెండి రంగే కదండీ, ఇదిగో" అని ఇంటి గేటుకి వేసే డబ్బా ఇచ్చారు. అందులో ఉండేది అల్యూమినియం పొడి, కరెంటు పారదు. కావాల్సింది నిజంగా వెండి పొడి ఉన్న కండక్టివ్ పెయింట్, చిన్న సీసా, ఆన్‌లైన్‌లో దొరికింది. పెన్సిల్ రుద్దితే చాలని ఒక మిత్రుడన్నాడు, రుద్ది చూశాను, ఏమీ కాలేదు.

స్పిరిట్‌తో తుడిచి, గీతకి పైనా కిందా టేపు వేసి, సందుకి అటూ ఇటూ సెంటీమీటరు చొప్పున కలుపుకుని పలచగా మూడు పూతలు వేశాను. ఒక్కో పూతా ఆరనివ్వాలి. తర్వాత ఒక రోజంతా డీఫాగర్ జోలికి పోకూడదు. వైరు తగిలే టాబ్ ఊడితే మాత్రం ఈ పెయింట్ సరిపోదు, సోల్డరింగ్ ఐరన్ కూడా పెట్టకండి, ఆ వేడికి అద్దం పగలొచ్చు. దానికి కండక్టివ్ ఎపాక్సీ అని కరెంటు పారే జిగురు వేరే ఉంటుంది.

మర్నాడు కార్లో వేడినీళ్ళ గిన్నె పెట్టి తలుపులు మూసి, అద్దం మసకబారాక స్విచ్ నొక్కాను. నాలుగింట్లో మూడు తేటపడ్డాయి. నాలుగోదాన్ని మళ్ళీ కొలిస్తే ఇంకో తెగుడు బయటపడింది, మూల దగ్గర. సీసాలో పెయింట్ గట్టిపడిపోయింది.




ప్రస్తుతానికి బస్సు కనిపిస్తోంది, దాని నుదుటి మీద ఒక తెల్ల నామం ఉంటుంది అంతే.