గొట్టం కుదిరాకే చేపలు కనిపించాయి

మొదటిరోజు నీళ్లలో ఉన్నది ఇరవై నిమిషాలు. అందులో సగం దగ్గుతోనే గడిచిపోయింది. సముద్రంలో ముఖం ముంచి తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టమే స్నార్కెల్. అద్దెకిచ్చిన దానిలో నోటితో పట్టుకునే రబ్బరు ముక్క గట్టిపడిపోయి చిగుళ్లను ఒరిసేసింది. చిన్న అల వచ్చినా గొట్టం నిండా ఉప్పునీళ్లే. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సాయంత్రమే సొంతంగా కొనుక్కుందామని దుకాణానికి వెళ్లాను. కళ్లను, ముక్కును కప్పే అద్దం మాస్క్‌ను పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చేయి వదిలేయమన్నాడు దుకాణదారు. మూడు జారిపోయాయి, నాలుగోది అంటుకుని నిలబడింది. పొడవాటి గొట్టమైతే ఇంకాస్త లోతుకి వెళ్లొచ్చు కదా అన్నాను. అలా కుదరదట. గొట్టం 40 సెంటీమీటర్లకు మించితే మనం వదిలిన గాలే అందులో నిలిచి మళ్లీ మన లోపలికే వస్తుంది. పైగా లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడికి ఛాతీ విప్పారదు. నీళ్లు తగలగానే పైన మూసుకుపోయే రకం కూడా చూశాను. కానీ పైభాగం బరువుగా ఉంది, దవడ లాగేస్తుందనిపించింది. చివరికి మెత్తటి సిలికాన్ ముక్క, అడుగున చిన్న వాల్వ్ ఉన్న మామూలు గొట్టమే తీసుకున్నాను. నీళ్లొస్తే 'ఫూ' అని గట్టిగా ఊదితే చాలు, ఆ వాల్వ్‌లోంచి పోతాయి.

మర్నాడు ఆవిరి పట్టకుండా మాస్క్ అద్దానికి లోపల ఉమ్మి రాసి కడిగి, మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక కూడా లేకుండా సర్దుకుని దిగాను. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. అది నెమ్మదించేసరికి టెన్షనంతా పోయింది. అప్పుడు వినబడింది, రాయి కొరుకుతున్నట్టు కరకర. కిందకి చూస్తే నీలం, ఆకుపచ్చ కలిసిన పారట్ ఫిష్, చిలక ముక్కులాంటి నోటితో పగడపు దిబ్బను గీరుతోంది. దాని మీది నాచు కోసమే ఆ పనంతా. నాచుతోపాటు నోట్లోకి వచ్చిన పగడపు పొడి వెనకనుంచి తెల్లటి పొగలా రాలిపోయింది. ఇలాంటి తీరాల్లో తెల్లటి ఇసుక చాలావరకు అలా వచ్చిందేనట. చేతికందేంత దగ్గరలో ఉందనుకుని చేయి చాపాను, అందలేదు. నీళ్లలో ఏదైనా ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. దిబ్బ ప్రాణమున్నది కాబట్టి కాలు ఆనించకుండా, దాని వెనకే తేలుతూ ఎంతసేపు తిరిగానో గుర్తులేదు.

రాత్రి గదిలో స్నార్కెల్‌ను మంచినీళ్లతో కడుగుతుంటే, వాల్వ్ సందులోంచి చిటికెడు తెల్లటి ఇసుక అరచేతిలో పడింది.