తిరిగే చుక్కల్ని నిలబెట్టడం

మొబైల్ రిసీవర్ సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. అందులో నాకు బాగా ఇష్టమైన పని ఫ్రీక్వెన్సీ తప్పును సరిచేయడం.

ఫోన్‌లో ఫ్రీక్వెన్సీకి ఆధారమైన క్రిస్టల్ ఎంత మంచిదైనా టవర్ క్లాక్‌తో పూర్తిగా కలవదు. వేడెక్కితే ఒకలా, చల్లబడితే ఇంకోలా కదులుతుంది. పది లక్షల్లో 5 వంతుల తేడా అంటే అదెంతలే అనిపిస్తుంది. కానీ 2 గిగాహెర్ట్జ్ దగ్గర అది 10 కిలోహెర్ట్జ్. ఎల్‌టీఈలో, అంటే 4జీలో, డేటాను పంచుకుని మోసే సన్నటి క్యారియర్ల (సబ్‌క్యారియర్ల) మధ్య ఎడమే 15 కిలోహెర్ట్జ్! ఇక ఒక సబ్‌క్యారియర్ శక్తి పక్కవాటిలోకి పోకుండా ఎలా ఉంటుంది? కాస్త తప్పు మిగిలినా, స్క్రీన్ మీద నాలుగు గుంపులుగా నిలబడాల్సిన క్యూపీఎస్‌కే (ఫేజ్‌ను, అంటే అల కోణాన్ని, నాలుగు స్థానాల్లో పెట్టి డేటా పంపే పద్ధతి) చుక్కలు తిరుగుతూ ఉంగరంలా కనిపిస్తాయి.

ఈ తప్పును కొలిచే ఉపాయాల్లో నాకు ఎప్పటికీ ముచ్చటేసేది సైక్లిక్ ప్రిఫిక్స్ వాడకం. ప్రతి సింబల్ (ఒక విడతలో పంపే సిగ్నల్) చివరి ముక్కను కాపీ చేసి ముందు అతికిస్తారు. అది పెట్టింది ప్రతిధ్వనుల బాధ తప్పించడానికి. అయితే ఒకే ముక్క 66.7 మైక్రోసెకన్ల తేడాతో రెండుసార్లు వస్తుంది కదా, ఆ రెంటి మధ్య ఫేజ్ ఎంత తిరిగిందో చూస్తే చాలు. 24 డిగ్రీలు తిరిగితే తప్పు 1 కిలోహెర్ట్జ్. 7.5 కిలోహెర్ట్జ్ దాటితే మాత్రం సగం చుట్టు దాటిపోతుంది, 10 కాస్తా మైనస్ 5లా కనిపిస్తుంది. అందుకే ముందు టవర్ పంపే, ఫోన్‌కు ముందే తెలిసిన సింక్ సిగ్నల్‌తో వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర వెతికి, పెద్ద తప్పును తీసేయాలి.

అసలు టెన్షన్ డాప్లర్‌తో, అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడంతో. గంటకు 300 కిలోమీటర్ల రైల్లో, 2 గిగాహెర్ట్జ్ దగ్గర, అది సుమారు 555 హెర్ట్జ్. రైలు పట్టాల పక్క టవర్‌ను దాటగానే ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. రిసీవర్‌కు కనిపించేది క్రిస్టల్ తప్పు, డాప్లర్ కలిసిన మొత్తమే. ఫోన్ ఆ మొత్తానికి క్రిస్టల్‌తో నడిచే తన ఆసిలేటర్‌ను సర్దుకుని తిరిగి పంపితే, టవర్ దగ్గర డాప్లర్ దాదాపు రెట్టింపై తేలుతుంది. దాన్ని సరిచేసే భారం బేస్ స్టేషన్‌ది.

తప్పును కొలుస్తూ, సరిదిద్దుతూ ఉండే లూప్‌ను నెమ్మదిగా పెడితే, ప్లస్ మైనస్ అయ్యే ఆ మలుపు దగ్గర వెనకబడుతుంది, వేగంగా పెడితే నాయిస్ వెంట పరిగెడుతుంది. ఒకే లూప్‌తో రెండూ లాక్కురావడం నాకు నచ్చదు. ఆసిలేటర్‌ను నెమ్మదిగా కదిపే లూప్ ఒకటి, మిగిలిన తేడాను బేస్‌బ్యాండ్‌లో (క్యారియర్ తీసేశాక మిగిలే సిగ్నల్‌లో) వెంటనే తిప్పేసే లూప్ ఇంకొకటి పెడతాను. క్రిస్టల్ పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ రీడింగ్ కూడా చూస్తాను. వేడి మారకుండా ఫ్రీక్వెన్సీ తప్పు ఒక్కసారిగా దూకిందంటే అది క్రిస్టల్ పని కాదు, మొదటి లూప్ అప్పుడు కదలకూడదు.